కుడి చక్రం

చాట్రాయి ఇంకా రెండు మలుపులుందనగా కారు ముందు చక్రాల దగ్గర ఏదో కిర్రుమంది. ప్రభాకరరావు విననట్టే నడిపాడు. వెనక సీట్లో కూర్చున్న హైమవతి మాత్రం వింది. పెళ్ళయి నెల తిరిగిందో లేదో, నలుగురి ముందు మొగుడితో మాట్లాడటం ఇంకా అలవాటు కాలేదు. అందుకని ఊరుకుంది. చక్రం మళ్ళీ కిర్రుమంది. ఇంకాసేపు ఊరుకుంది. చివరికి ముందుకు వంగి, అతనికి మాత్రమే వినబడేంత మెల్లగా, "కుడి చక్రంలో ఏదో అరుగుతోందండీ" అంది.

ప్రభాకరరావు పక్క సీట్లో ఆమె అన్న కూర్చుని ఉన్నాడు. ఆషాఢం వస్తోంది కదా, చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోవడానికి నూజివీడు వచ్చిన మనిషి. అతని ఎదురుగా పెళ్ళాం తన కారుకి వంక పెట్టడం ప్రభాకరరావుకి గుచ్చుకుంది. ఆ కారంటే అతనికి ప్రాణం. యుద్ధమయ్యాక బెజవాడలో మిలిటరీ సామాను వేలం వేస్తే, వద్దు మొర్రో అంటున్న తండ్రిని వారాల తరబడి బతిమాలి కొనిపించుకున్న కారు.

"కారు సంగతులు కూడా మీ చాట్రాయిలో నేర్పుతారా ఏంటి?" అన్నాడు.

ఆమె అన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వు దొరికేసరికి ప్రభాకరరావుకి హుషారొచ్చి, ఎడ్లబండి అనుకుంటోంది కాబోలని ఇంకో మాట కూడా తగిలించాడు. హైమవతి వెనక్కి జరిగి కూర్చుంది. ఇల్లు వచ్చేదాకా మరి నోరు విప్పలేదు. కారు ఆగగానే తలుపు తనే తీసుకుని దిగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గరైనా వెనక్కి తిరుగుతుందేమోనని ప్రభాకరరావు స్టీరింగు పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తిరగలేదు.

ఆ మర్నాటి నుంచి ఆషాఢం. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి, కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గాని, పెళ్ళయి పాతికేళ్ళు దాటినవాడే పెట్టి ఉంటాడు.

నూజివీడులో ప్రభాకరరావు తండ్రి పాండురంగారావుగారి ఇల్లంటే మామిళ్ళ రోజుల్లో పెళ్ళివారి విడిదికి ఏమాత్రం తీసిపోదు. వసారా నిండా గంపలు, పెరటి నిండా వరిగడ్డి, ఎక్కడ చూసినా రసాల వాసన, కాయలు ఏరేవాళ్ళూ గంపలు కట్టేవాళ్ళూ బళ్ళవాళ్ళూ. అంత సందడిలోనూ ప్రభాకరరావుకి ఇల్లు బావురుమంటోంది. ఇంట్లో కొత్తగా ఒక గొంతు వినబడటం మొదలై, చెవికి అలవాటు పడే వేళకి ఆగిపోయింది. ఆమె ఉన్న నెల రోజుల్లోనూ ఆ గొంతు పెద్దగా వినిపించిందేం లేదు. వంటింట్లోంచి అత్తగారికి జవాబు చెప్పే రెండు మాటలు, దొడ్లో తులసికి నీళ్ళు పోస్తూ లోలోపల పాడుకునే ఏదో పాట. అవి వినడానికి అతను కాయలు లెక్క చూడటం మానేసి స్తంభం పక్కన నిలబడిన రోజులున్నాయి. అలాంటిది, ఆ మనిషి తనంతట తాను మొదటిసారి నలుగురిలో నోరు విప్పి ఒక మాట చెబితే, దాన్ని పట్టుకుని నవ్వులపాలు చేశాడు. తలుచుకుంటే తనని తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించేది.

వెళ్ళి ఒక మాట చెప్పుకుంటే సరిపోయేది. గడప తొక్కకూడదు కదా. ఉత్తరం రాస్తే ముందు మామగారు చదువుతారు, తర్వాత అత్తగారికి చదివి వినిపిస్తారు, ఆ తర్వాత హైమ చేతికిస్తారు. అలాంటి ఉత్తరంలో ఏం రాస్తాడు? కోపమొచ్చిందా అని అడుగుతాడా? ఆ ఒక్కటే అతనికి తెలియాలి. కోపమొచ్చిందా, వస్తే పోయిందా, పోకపోతే ఎలా పోతుంది. శ్రావణం దాకా ఆగి తెలుసుకుందామంటే ప్రాణం నిలిచేట్టు లేదు.

అదృష్టం కొద్దీ చివరికోత తోటలు చాట్రాయి వైపే ఉన్నాయి. రజాకార్ల గొడవ సద్దుమణిగి, ఆ సరిహద్దు రోడ్ల మీద జనం మళ్ళీ ధైర్యంగా తిరుగుతున్న ఏడాది. అప్పటిదాకా తోటల మీదికి పొమ్మంటే ముఖం చిట్లించే కొడుకు, నేనే వెళ్ళి కోత చూసుకొస్తానని పొద్దున్నే తలదువ్వుకుని తయారవుతుంటే పాండురంగారావుగారు ఆశ్చర్యపోయారు. తర్వాత తోట ఎటువైపుందో గుర్తొచ్చి ఆశ్చర్యపోవడం మానేశారు. పెట్రోలు కూపన్లు ఆకాశంలోంచి ఊడిపడవని మాత్రం వినబడేలా అన్నారు.

మామగారు లక్ష్మీనారాయణగారి ఇల్లు చాట్రాయిలో సరిగ్గా రోడ్డు మీదే ఉంది. నూజివీడు నుంచి వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు. ముందు కిరాణా కొట్టు, దాన్ని ఆనుకుని గుమ్మం, గుమ్మం పక్కన నీలం రంగు చెక్క తలుపుల కిటికీ. మొదటిరోజు ప్రభాకరరావు ఆ ఇంటి ముందు కారు బాగా నెమ్మది చేశాడు. చక్రం అరుచుకుంటూ అరుచుకుంటూ కొట్టు దాటింది. కిటికీ తలుపులు వేసే ఉన్నాయి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ వేసే ఉన్నాయి. రెండోరోజూ అంతే. పట్టపగలు, ఉక్కపోతగా ఉన్న రోజు, ఎవరైనా కిటికీ వేసుకుంటారా? కోపమేనని ఖాయం చేసుకున్నాడు.

ఆ కిర్రుమనే చప్పుడు మీద పడింది అతని కసి అంతా. తగువు తెచ్చింది అదే కదా. పైగా రోజూ ఇంటి ముందు అదే చప్పుడు చేసుకుంటూ పోతుంటే, నువ్వు చెప్పింది నేను వినను పొమ్మని పదే పదే అన్నట్టుగా లేదూ! ముందు దాని నోరు మూయించాలి. నోరు మూసుకున్న కారు ఆ కిటికీ ముందు నుంచి పోతే, ఆమె మాట మన్నించినట్టు ఆమెకే తెలుస్తుంది. ఇంతకంటే మంచి క్షమాపణ అతనికి తోచలేదు.

మర్నాడు కారుని వేపచెట్టు కింద పెట్టి, ఇన్నయ్యని పిలిచాడు. ఇన్నయ్య ఆ ఇంటి పాత బండివాడు. అరవై దాటిన మనిషి. కారు వచ్చాక గూడుబండి చావడిలో చేరింది గాని, ఇన్నయ్య మాత్రం రోజూ వచ్చి ఎడ్లకి చేసే సేవంతా కారుకి చేస్తున్నాడు. కడుగుతాడు, తుడుస్తాడు, అదిలిస్తాడు, ఒక్కోసారి దాంతో మాట్లాడతాడు.

ఇద్దరూ కలిసి చక్రాల పైమూతలు ఊడదీసి చూశారు. ఒకదాంట్లో చిన్న గులకరాయి దొరికింది. ఓస్ ఇంతేనా అని దాన్ని గోడవతల పారేసి, బజారు చివరిదాకా వెళ్ళొచ్చారు. చప్పుడు చెక్కు చెదరలేదు.

చప్పుడు ఏ చక్రానిదో తేల్చాలి. ప్రభాకరరావు ఇన్నయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోట వెనక ఖాళీ స్థలంలో కారుని అటూ ఇటూ తిప్పాడు. తిన్నగా పోతే కిర్రు, కిర్రుమని కొలిచినట్టు పలుకుతోంది. వేగం పెంచితే త్వరగా, తగ్గిస్తే నిదానంగా. కాబట్టి చక్రంతో పాటు తిరిగేదే. బ్రేకు తొక్కినా మారలేదు. కుడికి తిప్పితే దాదాపు మాయమైంది. ఎడమకి తిప్పితే మాత్రం గొల్లుమంది. ఎడమకి తిప్పినప్పుడు అరుస్తోంది కాబట్టి ఎడమ చక్రమేనని అతను తేల్చేశాడు. బండి ఎడమకి తిరిగితే బరువంతా కుడి చక్రం మీద పడుతుందన్న ఊహ అతనికి తట్టలేదు. తట్టనివ్వలేదంటే ఇంకా బాగుంటుంది. ఆమె అన్నది కుడి, తనకి దొరికింది ఎడమ. క్షమాపణ చెప్పుకోవాలని ఎంతున్నా, మనసులో ఒక మూల, తను అన్నది కూడా మరీ తప్పు కాదని తేలితే బాగుండునన్న ఆశ చావలేదు.

ఇన్నయ్య కూడా ఎడమదే అన్నాడు. అన్నాడంటే మామూలుగా అనలేదు. "కుడిదానికి ఢోకా లేదు చినబాబుగారూ. ఏదున్నా ఎడమదాన్లోనే ఉంది" అని ప్రమాణం చేసినట్టు చెప్పాడు. అంత ధీమా ఎందుకో ప్రభాకరరావు అడగలేదు. తనకి నచ్చిన జవాబు వచ్చినప్పుడు ఎవరడుగుతారు?

ఎడమ వైపు జాకీ పెట్టి లేపారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. కదలిక లేదు. చేత్తో గిర్రున తిప్పి, పొడుగాటి ఇనప చువ్వ ఒక కొస చక్రం నడిమికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. గాలి వీచినట్టు మెత్తటి హోరు తప్ప ఏమీ లేదు. అయినా ఒప్పుకోలేదు. కింద కమాను పట్టీలు పొడిబారి ఉంటాయన్నాడు. పట్టీ పట్టీకీ మధ్య నూనె పోయించాడు. మర్నాడు బ్రేకు విప్పి, గీరి, తుడిచి బిగించాడు. రెండురోజులూ తోటకి వెళ్ళడం, ఆ కిటికీ ముందు చక్రం ఏడుపు వినిపించుకుంటూ పోవడం, మూసిన తలుపులు చూడటం, ఇంటికొచ్చి చొక్కా విప్పి మళ్ళీ ఎడమ చక్రం కింద దూరడం. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వచ్చేవాడు కాదు. వచ్చినా గోళ్ళలో నలుపు చూసి తల్లి అన్నపూర్ణమ్మ విసుక్కునేది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, వంటింటి తలుపు వైపు చూసేవాడు. అక్కడ తల్లి తప్ప ఎవరూ లేరు.

మూడోరోజు ఇన్నయ్యే జాలిపడ్డాడు. తల గోక్కుంటూ వచ్చి, ఎడమదానికి కూడా పెట్టేస్తే ఓ పనైపోతుంది కదా అన్నాడు.

"ఏం పెట్టేస్తే?"

"కందెన. ఆ రోజు కుడిదానికి పెట్టాను. ఎడమదానికి పెట్టేలోపల మేళం మొదలెట్టేశారు."

ప్రభాకరరావుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. కందెన అంటే ఎడ్లబండి ఇరుసుకి పెట్టేది. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడగడతారు. కొయ్య ఇరుసుకి అది అమృతం. కారు చక్రంలో దాని పనేంటి? ఇన్నయ్య నిదానంగా చెప్పుకొచ్చాడు. పెళ్ళికూతుర్ని తీసుకొచ్చే బండి దారిలో ఏడవకూడదు. అందుకని ఎక్కేముందు ఇరుసులకి కందెన పెట్టి, పసుపు రాసి, అప్పుడు ఎడ్లని కట్టడం ఈ ఇంటి ఆనవాయితీ. ఈసారి బండి బదులు కారొచ్చింది. అమ్మగారు మరచిపోకురా ఇన్నయ్యా అన్నారు. పైమూతా, దాని లోపలి చిన్న మూతా ఊడదీసి, లోపలున్నదేదో పసుపుపచ్చ జిడ్డంతా గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, చారెడు కందెన కూరాడు. ముందు కుడిది, ఆనవాయితీ ప్రకారం.

ప్రభాకరరావు జాకీ తీసి కుడివైపు పెట్టాడు. చక్రం పట్టుకుని ఊపితే టకటకమని కదిలింది. చువ్వ చెవికి పెట్టుకుని తిప్పితే లోపల తిరగలి విసురుతున్నట్టుంది. నట్టు విప్పి చక్రం లాగేసరికి గుప్పున ఆముదం వాసన కొట్టింది. మసి గట్టిపడి గారలా పట్టేసి ఉంది. దాన్ని వేలితో గీకితే, లోపలున్న బేరింగు గుళ్ళు అద్దాల్లా మెరవాల్సింది పోయి, స్ఫోటకం మచ్చల్లా గుంటలు పడి కనబడ్డాయి.

కోపం నషాళానికి అంటింది. ఇన్నయ్యని నాలుగు దులిపేద్దామని లేచి నిలబడ్డాడు. ఈలోగా తల్లి వసారాలోకి వచ్చి, "వాణ్ణేమీ అనకు. నేనే పెట్టమన్నాను. మన కోడలు ఎక్కే బండి ఏడ్చుకుంటూ వస్తే బాగుంటుందట్రా?" అంది. ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అందంటే, ప్రభాకరరావు నోట్లో ఉన్న తిట్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చేతిలో ఉన్న గుంటలు పడ్డ బేరింగు వైపు చూశాడు. కుడి చక్రంలో ఏదో అరుగుతోందండీ. సరిగ్గా అదే మాట. అరుగుతోంది అని కూడా అంది, పిచ్చిది. వెనక సీట్లో కూర్చుని, తలవంచుకుని, విన్న కాసేపటికే చెప్పింది. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నయ్య కందెన పెట్టినందుకే చినబాబుగారు ఏడుస్తున్నారనుకుని బెంబేలు పడ్డాడు.

కొత్త బేరింగు బెజవాడ నుంచి బస్సు డ్రైవరు చేత తెప్పించుకున్నాడు. పాతది పారేయలేక డబ్బాలో కిరసనాయిలు పోసి అందులో పడేశాడు. చక్రం లోపల గుడ్డతో, కొబ్బరిపీచుతో, మళ్ళీ గుడ్డతో తుడిచాడు. ఆముదం జాడ లేదని వాసన చూసి మరీ నిర్ధారించుకున్నాడు. గ్రీజు కూరి, బిగించి, తిప్పి, కాస్త వదులు చేసి, మళ్ళీ తిప్పాడు. బజారంతా ఒక చుట్టు తిరిగొస్తే చక్రాల కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. పాండురంగారావుగారు సైతం వీధిలోకొచ్చి, ఫరవాలేదే అన్నారు.

ఆ పూట ప్రభాకరరావు తెల్లచొక్కా తొడుక్కుని చాట్రాయి బయల్దేరాడు. దారి పొడుగునా తోటలు కోతలైపోయి తేలికపడి నిలబడ్డాయి. తొలకరి పడి నేల ఎర్రగా మెత్తబడింది. ఊరు దగ్గరపడుతుంటే గుండె కొట్టుకోవడం అతనికే వినబడింది. కారు అంత నిశ్శబ్దంగా పోతోంది మరి. నీలం కిటికీ ముందు నెమ్మది చేశాడు. ఎడ్లబండి నడకంత నెమ్మది. తలుపులు కదల్లేదు. తోటలో ఉన్నంతసేపూ ఏ పనీ మనసుకెక్కలేదు. సాయంత్రం వచ్చేటప్పుడూ చూశాడు, లేదు. మర్నాడూ వెళ్ళాడు. కొట్టులోంచి మామగారి గుమాస్తా తలెత్తి చూసి దణ్ణం పెట్టాడు. కిటికీ మాత్రం అలాగే ఉంది.

ఇంటికొచ్చి కారు చెట్టు కింద పెట్టి, చాలాసేపు అందులోనే కూర్చుండిపోయాడు. చేయగలిగిందంతా చేశాడు. ఆమె మాట నెగ్గించాడు. వచ్చి ఒక్కసారి తలుపు ఓరగా తీస్తే ఆమె సొమ్మేం పోయింది? ఇంత పట్టుదల మనిషితో జీవితమంతా ఎలాగని ఒకసారి అనిపించింది. ఆ వెంటనే, ఆ పట్టుదల మనిషి ఇప్పుడు వచ్చి పక్కన కూర్చుంటే చాలునని అనిపించింది. రెండో ఆలోచనే నిలబడింది.

మర్నాడు పొద్దున్న సవరమ్మ వచ్చింది. చాట్రాయి నుంచి గంపలు అల్లి తెచ్చి పాండురంగారావుగారికి వేసే మనిషి. గంపలు దించి, చెంగుతో మొహం తుడుచుకుని, చినబాబుగారు ఎక్కడని వెతుక్కుంటూ వేపచెట్టు కిందికి వచ్చింది.

"బాబుగారూ, కారు అమ్మేశారా?" అంది.

ఎదురుగా కారు పెట్టుకుని ఆ ప్రశ్నేంటో అతనికి బోధపడలేదు. సవరమ్మకీ బోధపడలేదు. మా ఊళ్ళో అమ్మాయిగారు అడగమన్నారండీ అని సంగతి చెప్పింది. నిన్న గంపలకి తాటాకు కోసం కొట్టు దొడ్లోకి వెళితే, అమ్మాయిగారు చాటుకి పిలిచి అడిగిందట. నాలుగు రోజులుగా కారు రావట్లేదు, ఒంట్లో బాగాలేదా, కారు అమ్మేశారా, కనుక్కుని రమ్మందట. మొదట్లో రోజూ పొద్దున్నా సాయంత్రం ఊరి మొదట్లోనే ఆ కిర్రుమనే చప్పుడు వినబడేదట. అది వినబడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళి కిటికీ తలుపు సందులోంచి చూసేదట. తలుపు తీస్తే కొట్టులో తండ్రికి కనబడుతుందని తీసేది కాదట. వాళ్ళమ్మ పుష్పావతమ్మగారు ఇదంతా కనిపెట్టి, ఆ చప్పుడు రాగానే కావాలని దొడ్లోకి వెళ్ళిపోయేదట. ఇప్పుడు నాలుగు రోజులుగా ఆ పిల్ల చెవులు రిక్కించుకుని కూర్చుని, అన్నం సరిగా తినడం లేదట.

"నేను వెళ్ళాను. చక్రం బాగు చేసి మరీ, మొన్నా నిన్నా వెళ్ళాను" అన్నాడు ప్రభాకరరావు.

"వెళితే వినబడొద్దా బాబుగారూ?" అని సవరమ్మ తన దారిన తను పోయింది.

ప్రభాకరరావు అలాగే నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ మూసి ఉన్న తలుపుల వెనక ఆమె నిలబడే ఉంది. పొద్దున్నా ఉంది, సాయంత్రమూ ఉంది. తను కోపమనుకుని కుమిలిపోతూ దాటుకు పోయిన ప్రతిసారీ, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. తను పగబట్టిన ఆ చప్పుడే రోజుకి రెండుసార్లు ఆమెని లేపి కిటికీ దగ్గరికి తీసుకొచ్చింది. దాన్ని పట్టుకుని, విప్పి, కడిగి, అంత శ్రద్ధగా గొంతు నులిమేశాడు.

కాసేపటికి జాకీ చప్పుడు విని ఇన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. చినబాబుగారు కుడి చక్రం విప్పి, కొత్త బేరింగు బయటికి తీసి గుడ్డలో చుట్టిపెట్టి, కిరసనాయిలు డబ్బాలోంచి పాతది ఏరి తుడుస్తున్నారు. మతి చలించిందేమోనని ఇన్నయ్య భయపడ్డాడు. కారణం చెప్పాక మాత్రం ఇంకేమీ అడగకుండా కూర్చుని, నట్టు పట్టుకున్నాడు. ఈసారి గ్రీజు మాత్రం తగినంత పెట్టారు, దారిలో చక్రం పట్టేయకుండా. గుంటలు పడ్డ గుళ్ళని ఏ గ్రీజూ ఊరుకోబెట్టలేదు. చేత్తో తిప్పగానే కిర్రుమంది. దాన్ని వినగానే ప్రభాకరరావుకి ప్రాణం లేచొచ్చింది.

కారు గుమ్మం దాటుతుంటే ఆ అరుపు విని పాండురంగారావుగారు పంచె ఎగగట్టుకుంటూ బయటికొచ్చారు. మొన్ననే కదరా బాగు చేశావు, మళ్ళీ ఏంటీ గోల, ఉన్న పెట్రోలంతా ఈ పాడు బండికి తగలేసి అని ఒంటికాలి మీద లేచారు. అన్నపూర్ణమ్మ అప్పుడే దొడ్లోంచి వచ్చింది. కొడుకు మొహం చూసింది, ఇన్నయ్య మొహం చూసింది. ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

"మన పెళ్ళయిన ఏడాది ఆషాఢమంతా మీ బండికి మీరు కందెన ఎందుకు పెట్టనివ్వలేదో, ఇన్నయ్యని చెప్పమంటారా?" అంది మొగుడితో.

ఇన్నయ్య ఆకాశం వైపు చూశాడు. పాండురంగారావుగారు ఎగగట్టిన పంచె దించుకుని, కాయలు ఎండలో ఉన్నాయి చూసేవాడే లేడంటూ లోపలికి వెళ్ళిపోయారు. గడప మాత్రం తొక్కకు నాయనా అని అన్నపూర్ణమ్మ కొడుక్కి గుర్తుచేసింది.

ఆ రోజు ప్రభాకరరావు దారి పొడుగునా ఆ చప్పుడు వింటూ వెళ్ళాడు. ఇదివరకు పళ్ళు కొరుక్కుంటూ విన్నదే. ఇప్పుడది కాస్త తగ్గితే ఎక్కడ ఆగిపోతుందోనని కంగారు పడ్డాడు. ఊరి మొదట్లో రోడ్డు ఎడమకి తిరుగుతుంది. అక్కడ చక్రం గొల్లుమంది. అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. కొట్టు ముందు నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

సరిగ్గా నీలం కిటికీ ముందు కారు ఆపాడు. దిగి, కుడి చక్రం ముందు గొంతుక్కూర్చుని, మూత ఊడదీసి, ఏదో పరీక్షగా చూస్తున్నట్టు లోపలికి తొంగిచూశాడు. కిటికీ వీపు వెనక నాలుగడుగుల్లో ఉంది. తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

కొట్టులోంచి ఆమె అన్న దిగి వచ్చాడు. "ఏం బావా, కారు మొరాయించిందా?" అన్నాడు. ఆ రోజు నవ్విన నవ్వే ఇప్పుడూ పెదాల మీద ఉంది. చక్రం వైపు వంగి, ఏ చక్రమని అడిగాడు.

ప్రభాకరరావు చేతిలో మూత పట్టుకుని లేచి నిలబడ్డాడు. కిటికీకి వినబడేలా, కొట్టులో ఉన్న మామగారికీ గుమాస్తాకీ కూడా వినబడేలా చెప్పాడు.

"కుడిది. మీ చెల్లెలు ఆ రోజే చెప్పింది. నేనే వినిపించుకోలేదు. విని ఉంటే ఇంత పాడయ్యేది కాదు."

బావమరిది నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. చక్రాన్నీ, బావనీ, కిటికీనీ చూశాడు. లోపలికి రమ్మనడానికి వీల్లేదు కాబట్టి ఆ మాట మింగేసి, ఎండలో ఉన్నావు, మజ్జిగ పట్టుకొస్తానుండమని లోపలికి వెళ్ళాడు. లక్ష్మీనారాయణగారు కొట్టులో అటువైపు తిరిగి బెల్లం తూచడంలో మునిగిపోయారు. ప్రభాకరరావు మళ్ళీ చక్రం ముందు కూర్చున్నాడు.

వెనక చెక్క తలుపు ఓరగా తీసిన చప్పుడయింది. అతను కదల్లేదు. పసుపూ మీగడా కలిసిన వాసనేదో వచ్చింది. ఇంట్లో స్తంభం పక్కన నిలబడినప్పుడు వచ్చే వాసనే.

"బాగు చేయించారట కదండీ. ఇందాక బస్సు దిగి సవరమ్మ చెప్పింది" అంది హైమవతి.

"చేశాను."

"మరి?"

"పాతదే మళ్ళీ వేశాను" అన్నాడు, చక్రంతోనే చెబుతున్నట్టు.

వెళ్ళిపోయిందేమోనని అతను తల తిప్పాడు. వెళ్ళలేదు. తలుపు సందులో సగం మొహం, కిటికీ చువ్వ మీద నాలుగు వేళ్ళు కనబడ్డాయి. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వు ఆపుకోలేక బిగబట్టుకుని ఉన్నాయి. లోపల్నుంచి మజ్జిగ గ్లాసుతో అన్న వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది.

"నెల వెళ్ళేదాకా దాన్ని అలాగే ఉంచండి" అని, తలుపు మూసింది.

ప్రభాకరరావు రోడ్డు మీదే నిలబడి మజ్జిగ తాగాడు. గ్లాసు బావమరిది చేతికిచ్చి, చక్రం మూత బిగించి, కారెక్కాడు. ఆ వీధి చివరిదాకా కావాలని చాలా నెమ్మదిగా పోనిచ్చాడు. మలుపు తిరిగాక కూడా చక్రం అరుస్తూనే ఉంది, ఆ ఇంట్లోకి వినబడేంత గట్టిగా.